బస్సు సూత్రానికి త్రిపురారీయ వ్యాఖ్య

అవతారిక: మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిదీ ఎవరూ అడగనిదీ రాయనని మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నేను రిటైరైన తెలుగు పండితుణ్ని. అంత నిష్ఠ నాకు లేదు. మా అల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొన్న పండక్కొచ్చి, నా పాత ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర ఒకటి తెరిచి, ఒక పంక్తి కొట్టి, "మామా, ఇగ స్టాండు కాడ ఎండల నిలబడుడు బంద్" అన్నాడు. ఆ పంక్తే ఇది.

మూలం:
బస్ --స్టాప్ త్రిపురారం --టు మిర్యాలగూడ | హెడ్ -1

ప్రతిపదార్థం: బస్ = ఓ బస్సా! (సంబోధనమని నేను, ప్రోగ్రాము పేరని అల్లుడు); --స్టాప్ = ఆగెడు చోటగు; త్రిపురారం = త్రిపురారము నుండి; --టు = వైపునకు అను జాడగల; మిర్యాలగూడ = బియ్యపు మిల్లులచే నొప్పెడు మిర్యాలగూడను గూర్చి; | = అటు పిమ్మట; హెడ్ -1 = తలయొక్కటి మాత్రమే (చూపుము అని అధ్యాహారము).

తాత్పర్యం: మిర్యాలగూడ పోవడానికి త్రిపురారంలో నిలబడ్డాను. ఇక రాబోయే బస్సుల్లో మొదటిది ఎప్పుడో చెప్పు, తతిమ్మావి నాకెందుకు?

విశేషాలు: మన శ్లోకాల్లో నిలువు గీత కనబడితే ఆగాలి. యునిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో అదే గీత కనబడితే సాగాలి. డగ్ మెక్‌ఇల్‌రాయ్ చాలాకాలం పోరితే కెన్ థాంప్సన్ 1973లో దాన్ని యునిక్స్‌లోకి తెచ్చాడు. ఎడమ పక్కనున్న ఆదేశం వదిలినదాన్ని కుడి పక్కది అందుకుంటుంది. అల్లుడు దీన్ని పైపు అంటాడు. సాగర్ ఎడమ కాలువ కింద బతికేవాళ్లకు తూము అంటే చాలు.

ఇక త్రిపురారం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలే త్రిపురాలని ఒక మతం. ఆ మూడూ శివుడి బాణానికి బూడిదైనట్టు దాఖలా లేదు కాబట్టి ఇది కుదరదు. పురాణంలో రాక్షసుల మూడు పురాలు ఆకాశంలో తిరుగుతుంటాయి, వెయ్యేళ్లకోసారి ఒకే వరసలోకి వస్తాయి, ఆ క్షణాన్నే బాణం వెయ్యాలి. బస్సు జాడ తెలియడానికీ మూడు కలవాలి: బస్సులోని జీపీఎస్ పెట్టె, నడుమ సర్వరు, మన ఫోనులో సిగ్నలు. ఆర్టీసీ వారి గమ్యం యాప్ 2023 ఆగస్టులో వచ్చింది, అది చూపించేది ఈ కలయికనే. మొదటి విడతలో పల్లెవెలుగులకు అందులో చోటు దొరకలేదు. వెలుగుకు వేరే దీపమెందుకు అనుకున్నారేమో.

అల్లుడి సూత్రానికి అంత భాగ్యం లేదు. స్టాండులో రాసి ఉన్న వేళల్ని ఫోటో తీసుకుని తానే పట్టికగా ఎక్కించాడు. ఆ పట్టికకో శాస్త్రం ఉంది. జీటీఎఫ్‌ఎస్ అంటారు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ బస్సులవాళ్లూ గూగుల్‌వాళ్లూ కలిసి కట్టిన పద్ధతి. అందులో కాలమానం చూసి నేను మురిసిపోయాను. ఇవాళ బయల్దేరిన బస్సు అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు ఒక ఊరు చేరితే, ఆ వేళను 25:30 అని రాయాలట! బస్సు దినం ముగిసేదాకా లోకం దినం మారినా లెక్కలేదు. బ్రహ్మకో దినం, మనకో దినం అని పురాణం చెబితే నవ్విన పిల్లలు ఇది నోరెత్తకుండా రాస్తున్నారు. ఇంకో గడిలో 1 వేస్తే ఆ వేళ ఖచ్చితం, 0 వేస్తే సుమారు. అల్లుడు అన్ని వరసల్లోనూ 1 వేశాడు. "ఒక్కటి సుమారు పెట్టినా మొత్తం సుమారే అయితది మామా" అన్నాడు.

సున్న గురించి ఒక మాట. బస్సులన్నీ అయిపోయాక రాత్రి అడిగితే తెర మీద ఏమీ రాలేదు. తప్పయిందా అంటే లేదట. ప్రోగ్రాము సున్న తిరిగిచ్చింది, యునిక్స్‌లో సున్న అంటే సిద్ధి. 2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్లు ఉచిత ప్రయాణానికి పట్టుకు తిరుగుతున్న జీరో టికెట్టూ సున్నే, కానీ దాంతో మిర్యాలగూడ చేరతారు.

అసలు శంక వ్యాకరణంలో ఉంది. పొద్దున అడిగితే తెర మీద "8:10 వస్తుంది" అని పడింది. ఈ క్రియ ఏ కాలంలోది? సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టు రోజూ జరిగే ధర్మం చెబుతోందా, ఇవాళ జరగబోయేది చెబుతోందా? చిన్నయ సూరి మొదటిదాన్ని తద్ధర్మార్థకమన్నాడు. వాడుక తెలుగులో రెంటికీ ఒకటే రూపం. టైంటేబులు పలికేదంతా తద్ధర్మం, స్టాండులో నిలబడ్డవాడు వినేది భవిష్యత్తు. గొడవంతా ఇక్కడే.

అల్లుణ్ని వెంటబెట్టుకుని ఆ తెర తీసుకెళ్లి స్టాండు దగ్గర చాయ్ హోటలాయనకు చూపించాను. "గట్ల రాయద్దు సారూ. 8:10కి రావాలె అని రాయిన్రి" అన్నాడు.

రావాలె! టైంటేబులు మీద ఉన్నది హక్కు, రోడ్డు మీద ఉన్నది బస్సు. ముప్పై రెండేళ్లు క్రియలు చెప్పాను, ఈ విధ్యర్థం ఇక్కడ పెట్టాలని తట్టలేదు. అల్లుడు అప్పటికప్పుడే "వస్తుంది"ని కొట్టేసి "రావాలె" పెట్టాడు. జీపీఎస్ దొరికిన నాడు పక్కన "వస్తున్నది" చేరుస్తానన్నాడు.

"అంత మంచిగనే ఉన్నది గని," అని హోటలాయన గ్లాసులు కడుగుతూ మళ్లీ అందుకున్నాడు, "పాయె అని చెప్తదా ఇది? ఈడికొచ్చినోళ్లు ముందుగాల అడిగేది గదే. బస్సు పాయెనా అని."

రాబోయేవాటిలో తల ఒక్కటే చూపమని సూత్రం. వెళ్లిపోయినదాని ఊసు అందులో లేదు. అల్లుడు తల గోక్కున్నాడు. హెడ్ అన్న పదానికి అప్పుడు ఇంకో అర్థం స్ఫురించింది గాని, చుట్టరికం చూసి ప్రతిపదార్థంలో చేర్చలేదు.