చప్ప డ్రా (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డులాటను రిచర్డ్ గార్‌ఫీల్డ్ కల్పించగా 1993లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ లోకం మీదికి వదిలింది. టోర్నమెంట్లలో రౌండుకు ఒక మ్యాచు, మ్యాచుకు సాధారణంగా 50 నిమిషాలు, మూడింట రెండు గేములు గెలిచినవాడు విజేత. ఇంతవరకు సుబోధం. గేము డ్రా అయితే మ్యాచు గతేమిటన్న దగ్గర మాత్రం బల్ల బల్లకూ ఒక సిద్ధాంతం వినిపిస్తుంది. ఆ కలహాన్ని చల్లార్చడానికి మూలకర్త ఈ పద్యం చెప్పాడు. మూలకర్త అంటే ఈ వ్యాఖ్యాతే. పద్యం చెప్పడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

మూలం

తే.గీ.
రెండు గెలిచిన వానికే రౌండు దక్కు
డ్రాలు లెక్కలో లేనట్లె, రాదు మార్పు
గడువు దీరిన హెచ్చైన గణన గెలుచు
సమములైనచో మ్యాచెల్ల చప్ప డ్రాయె

ప్రతిపదార్థం

రెండు = రెండు గేములను; గెలిచిన వానికే = నెగ్గిన ఆటగానికి మాత్రమే; రౌండు = ఆ రౌండు తాలూకు మ్యాచు; దక్కు = లభించును; డ్రాలు = తేలని గేములు; లెక్కలో = ఆ రెండు గెలుపుల లెక్కలో; లేనట్లె = ఆడనట్టే; రాదు మార్పు = ఫలితం చలించదు; గడువు దీరిన = సమయం అయిపోగా; హెచ్చైన గణన = ఎక్కువ గేములు గెలిచిన సంఖ్య; గెలుచు = నెగ్గును; సమములైనచో = గెలుపులు సరిసమానమైతే; మ్యాచెల్ల = మ్యాచు మొత్తం; చప్ప డ్రాయె = ఉప్పూకారం లేని డ్రాయే.

తాత్పర్యం

డ్రా అయిన గేము ఎవరి ఖాతాలోనూ గెలుపు వేయదు. గడువు ముగిసేసరికి ఎవరి గెలుపులు ఎక్కువో వారిదే మ్యాచు. సమానమైతే మ్యాచే డ్రా.

వ్యాఖ్య

"మూడింట రెండు" దగ్గర పూర్వపక్షి లేస్తాడు. "అయ్యా, ఒకటి నేను గెలిచాను, ఒకటి అతను గెలిచాడు, ఒకటి డ్రా. మూడూ అయిపోయాయి గదా, ఇక లేవమంటారా?" కూర్చో నాయనా. మూలంలో ఉన్నది రెండు గెలుపుల మాట. మూడు గేములతో ఆపమని ఎక్కడా లేదు. గడియారంలో నిమిషాలుంటే నాలుగో గేము ఆడాలి. అదీ డ్రా అయితే అయిదోది. సాధారణంగా ముందటి గేము ఓడినవాడు తర్వాతి గేములో ఎవరు ముందు ఆడాలో చెబుతాడు. డ్రాలో ఓడినవాడే లేడు గనక, ఆ డ్రా గేము మొదట్లో ఎంచుకునే హక్కు ఎవరికుందో మళ్లీ వారే ఎంచుకుంటారు.

గేము డ్రా కావడానికి నిమిత్తాలు పలు రకాలు. ఇద్దరి ప్రాణాలూ ఒకే దెబ్బకు పోవడం ఒకటి. 1994 నాటి లెజెండ్స్ సెట్‌లోని డివైన్ ఇంటర్వెన్షన్ కార్డు ఇంకొకటి. దాని మీది రెండు కౌంటర్లు తరిగిపోగానే గేము డ్రా అని కార్డు మీదే అచ్చువేశారు. అన్నింటికన్నా రసవత్తరమైనది ఆగని లూపు. 2007లో లార్విన్ సెట్‌లో వచ్చిన ఒబ్లివియన్ రింగ్, బల్ల మీదికి రాగానే ల్యాండు (మంత్రశక్తినిచ్చే నేల కార్డు) కాని మరో కార్డును బహిష్కరిస్తుంది. అది వెళ్లిపోతే ఆ కార్డు తిరిగి వస్తుంది. ల్యాండ్లు తప్ప వేరేమీ లేని బల్ల మీదికి మూడు రింగులు ఒకదాని తర్వాత ఒకటి దిగాయనుకోండి. రెండోది మొదటిదాన్ని తరుముతుంది, మూడోది రెండోదాన్ని. దాంతో మొదటిది తిరిగొచ్చి మూడోదాన్ని తరుముతుంది. దీన్ని ఆపే దారి ఎవరి చేతిలోనూ లేకపోతే గేము డ్రా. కల్పాంతం దాకా చూస్తూ కూర్చోమని ఏ జడ్జీ చెప్పడు.

"గడువు దీరిన" అన్నచోట మూలకర్త తొందరపడ్డాడు. టైమ్ అని కేక వినగానే కార్డులు పడేయకూడదు. నడుస్తున్న టర్ను ముగించి, ఇద్దరికీ కలిపి ఇంకో అయిదు టర్నులు ఆడాలి. అప్పటికీ తేలకపోతేనే ఆ గేము డ్రా. అసలు మర్మం ఇక్కడుంది. మొదటి గేము గెలిచినవాడికి రెండో గేము తేలకపోయినా 1-0తో మ్యాచు దక్కుతుంది, మూడు పాయింట్లూ వస్తాయి. వెనకబడినవాడికి మాత్రం ఆ డ్రా ఓటమితో సమానం. లెక్కలో లేదన్న డ్రాయే వాడి మ్యాచును మింగేసింది. ముందున్నవాడి చేతులు హఠాత్తుగా బరువెక్కడం, నాలుగు కార్డుల్ని నలభై సార్లు సర్దుకోవడం ఇందువల్లే. తెలియక నెమ్మదించినవాడికి జడ్జీ మొదట వార్నింగ్ ఇస్తాడు. గడియారాన్ని తినాలనే నెమ్మదించాడని తేలితే టోర్నమెంటు నుంచే పంపించేస్తాడు. తేల్చడం ఎంత కష్టమో జడ్జీనే అడగాలి.

"రాదు మార్పు" అన్నది సంపూర్ణ సత్యం కాదు. యతి కోసం కవి కాస్త దాచాడు. మ్యాచు పాయింట్లు సమానమైనప్పుడు ముందు ప్రత్యర్థుల మ్యాచు గెలుపు శాతం చూస్తారు, ఆ తర్వాత మన గేము గెలుపు శాతం. ఆ లెక్కలో గేము గెలుపుకు 3, డ్రాకు 1. 2-0తో నెగ్గినవాడికి 6కు 6. మధ్యలో ఒక డ్రా దూరితే 9కి 7, అంటే సుమారు 78 శాతం. ఒకటి ఓడి 2-1తో నెగ్గితే 9కి 6. మూడు సందర్భాల్లోనూ మ్యాచు ఫలితం ఒక్కటే, టాప్ ఎయిట్‌కు, అంటే నాకౌట్‌కు వెళ్లే ఎనిమిది మందిలోకి, ఆఖరి స్థానం దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం మూడూ వేరు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. మూలమూ నాదే గనక నాకా ఇబ్బంది లేదు.

"చప్ప డ్రాయె": కొందరు ఇక్కడ "తప్పు డ్రాయె" అని పాఠాంతరం చెబుతారు. యతి చెడుతుంది, అనాదరణీయం. చప్పదనం ఎందుకంటే, గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు చెరొకటి. బల్ల మీది మూడు పాయింట్లలో ఒకటి గాలిలో కలిసిపోతుంది. ఓడినవాడిని ఇంటికి పంపకుండా ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లవారిని జతకట్టే స్విస్ పద్ధతి 1895లో జ్యూరిక్ చదరంగం పోటీలో మొదలైంది; దాన్నే ఈ ఆటగాళ్లూ వాడుతున్నా, చదరంగంలోలా పాయింటును సగం సగం పంచుకునే ఔదార్యం ఇక్కడ లేదు.

అయినా ఆఖరి రౌండ్లలో ఈ చప్పదనమే తియ్యనవుతుంది. 64 మంది, ఆరు రౌండ్లు. మొదటి నాలుగూ గెలిచినవాడి దగ్గర 12 పాయింట్లుంటాయి. మిగతా రెండూ డ్రా చేసుకుంటే 14, అది తరచు టాప్ ఎయిట్‌కు సరిపోతుంది. కాబట్టి ఇద్దరూ కూర్చుని, చేతులు కలిపి, స్లిప్పులో 0-0-3 అని రాసి టీకి వెళ్తారు. ఇది నియమసమ్మతమే. ఆ డ్రాకు బదులుగా బహుమతిలో వాటా ఇస్తాననడం, లేదా గెలుపెవరిదో నాణెం వేసి తేల్చుకుందామనడం మాత్రం ఘోరాపరాధం. ఆడకుండా డ్రా చేసుకోవడం ధర్మమూ, ఆడకుండా నాణెం ఎగరేయడం అధర్మమూ ఎలా అయ్యాయని పూర్వపక్షి మళ్లీ లేస్తాడు. ఈసారి ప్రశ్న మంచిదే, నా దగ్గరా గట్టి జవాబు లేదు.

విశేషం

ఈ పద్యం స్విస్ రౌండ్లకే వర్తిస్తుంది. టాప్ ఎయిట్‌లో ఓడితే ఇంటికే గనక అక్కడ మ్యాచు డ్రా కావడానికి వీల్లేదు. గడువు పెట్టిన చోట, అదనపు టర్నులు ముగిశాక గేము గెలుపులు సమానంగా ఉంటే, ఎవరి లైఫ్ (మిగిలిన ప్రాణాల లెక్క) ఎక్కువో ఆ గేము వారిది. లైఫ్ కూడా సమానమైతే ఆట సాగుతూనే ఉంటుంది, ఒక్క పాయింటు తేడా వచ్చేదాకా.