చారాణా కెమెరా, బారాణా సంచి

జేబులో పట్టాలని కాంపాక్ట్ కెమెరా కొంటారు. దాన్ని మోయడానికి భుజానికో సంచి, నిలబెట్టడానికి ట్రైపాడ్, తుడవడానికి మెత్తటి గుడ్డ, దుమ్మూదే రబ్బరు బుడ్డి! పెట్టె మీద 20 మెగాపిక్సెల్స్ అని బండ అక్షరాలు. లోపలి సెన్సర్ మాత్రం చాలా చౌక మోడళ్లలో 6 మిల్లీమీటర్ల వెడల్పే. ఆ సంగతి కౌంటర్ వెనకాయన చెప్పడు, మనమూ అడగం. డిజిటల్ జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడమేనని అసలే చెప్పడు.

ఇక ఎడిటింగ్. ఉచితంగా దొరికే గింప్ వాడితే నామోషీ. నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేరే కావాలి, అందులో నొక్కేది ‘ఆటో’ బటన్ ఒక్కటే. తీరా పెళ్లికెళ్తే గ్రూప్ ఫొటో ఫోన్‌తోనే; కెమెరా ఇంట్లో చార్జింగ్‌లో ఉంటుంది.

సంచుల సొమ్ము దాచి 1 అంగుళం రకం సెన్సర్ ఉన్నది కొనుక్కోండి బాబూ, విస్తీర్ణంలో అది నాలుగింతలు!