రెండు గుండె చప్పుళ్ల నడుమ

నేను అరవైనాలుగు స్లైసుల సీటీ స్కానర్‌ని. గుంటూరులో ఒక ఆసుపత్రి కింది అంతస్తులో, సీసపు రేకు వేసిన తలుపు వెనకాల, ఏసీ చలిలో ఉంటాను. 2008లో నన్ను ఇక్కడ దించారు.

మా మూలపురుషుడు 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలను చూశాడు. కట్టింది హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు. కదలకుండా పడుకోమంటే తల కదలదు. గుండె అలా కాదు, ఎవరు చెప్పినా ఆగదు. అందుకే గుండె నాళాలను మావాళ్లు సరిగ్గా పట్టుకోవడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది.

మొదట్లో ఆ కదలికను నేను ఎలా జయించానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. గుండె కొట్టుకున్నంతసేపూ నా ఎక్స్‌రే ట్యూబు వెలుగుతూనే ఉండేది. బల్ల నత్తలా జరిగేది. గుండెలో ఒక్కో చోటును దాదాపు ఐదుసార్లు కిరణాలతో తడిపేవాణ్ని. తరువాత తీరిగ్గా, మసక లేని క్షణాలను ఏరుకుని, మిగతా బొమ్మలను పక్కన పడేసేవాళ్లు. పారేసిన ఆ బొమ్మల కిరణాలు మాత్రం మనిషి ఒంట్లోంచి వెళ్లినవే. 2007లో యాభై ఆసుపత్రుల లెక్కలు తీస్తే, ఇలాంటి స్కాను ఒక్కదానికి కిరణాల మోతాదు మధ్యస్థంగా 12 మిల్లీసీవర్టులు తేలింది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. ఐదేళ్లది పది సెకన్లలో ఇచ్చేశామన్నమాట.

ఒక అమ్మాయి గుర్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు, గుండెలో నొప్పి అని వచ్చింది. అందరికీ పెట్టే 120 కిలోవోల్టులే ఆమెకూ పెట్టారు. మెడ నుంచి పొట్ట దాకా తీశారు. నాళాలు అద్దంలా ఉన్నాయి, ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇరవయ్యేళ్ల స్త్రీకి ఇలాంటి స్కాను వల్ల జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే అవకాశం 143లో ఒకటి, ఎనభయ్యేళ్ల పురుషుడికి 3,261లో ఒకటి అని 2007లోనే ఒక అమెరికా వైద్యపత్రికలో అంచనా వచ్చింది. అంచనాయే కావచ్చు. కానీ రొమ్ములు నా కిరణాల దారిలోనే ఉంటాయని నాకు తెలియదా?

తరువాత మా గదికి వచ్చిన డాక్టరమ్మ పద్ధతి మార్చింది. గుండె రెండు చప్పుళ్ల నడుమ కాసేపు దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ఈసీజీ చూసుకుని ఆ సందులోనే ట్యూబు వెలిగిస్తే చాలు. ఒక చప్పుడుకు పావు సెకను వెలుగు, తరువాతి చప్పుడుకు చీకట్లో బల్ల జరగడం. అలా నాలుగుసార్లు వెలిగితే గుండె పూర్తయిపోతుంది. సన్నటివాళ్లకు 120 కిలోవోల్టులను 100 చేస్తే మోతాదులో మూడోవంతు దాకా తగ్గుతుంది, పైగా నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు నాళాల్లో మరింత తెల్లగా మెరుస్తుంది. బొమ్మలో కాస్త గరుకు కనిపిస్తే టెక్నీషియన్ నొచ్చుకునేవాడు. "అందం మనకెందుకయ్యా? నాళంలో పూడిక ఉందా లేదా, అది తెలిస్తే చాలు" అనేదామె. నాకు ఇంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

కానీ ఆ సందు దొరకాలంటే గుండె నెమ్మదించాలి, నిమిషానికి అరవై దగ్గరికి రావాలి. అది నా చేతిలో లేని పని. మనిషే చెయ్యాలి.

మొన్న ఒక పెద్దమ్మ వచ్చింది. గుండె ఎనభై రెండు. ఉబ్బసం లేదని అడిగి తెలుసుకుని మెటోప్రొలాల్ మాత్ర ఇచ్చి, గంట కూర్చోబెట్టారు. పుస్తెలు తియ్యమనేసరికి మళ్లీ దడ. లోహం ఉంటే బొమ్మలో చారలు పడతాయి, చారలు పడితే మళ్లీ తియ్యాలి, అంటే రెండింతలు. నర్సమ్మ మాట్లాడకుండా పసుపు తాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేసింది. పెద్దమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

"పెద్దమ్మా, మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చగా అవుద్ది. పక్క తడిసినట్టు అనిపిస్తది. ఏం తడవదు, కంగారుపడమాక" అన్నాడు టెక్నీషియన్.

"అట్టాగే నాయనా."

ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే గుండె సరిగ్గా ఆ క్షణంలోనే ఉలిక్కిపడుతుంది. ఊపిరి బిగబట్టడం రెండుసార్లు సాధన చేయించాడు. మరీ గట్టిగా పీల్చొద్దన్నాడు. తెర మీద అంకె యాభై తొమ్మిదికి దిగింది. అతను గుండె పైఅంచు, కిందిఅంచు చూసి స్కాను హద్దు గీతలను ఒక్కో సెంటీమీటరు లోపలికి జరిపాడు. నేను నాలుగుసార్లు వెలిగాను. మోతాదు కాగితంలో దాదాపు 3 మిల్లీసీవర్టులు.

ప్రపంచమంతా ఈ దారినే వచ్చింది. 2007 నుంచి 2017కు గుండె స్కాను మోతాదు మధ్యస్థంగా 78 శాతం తగ్గిందని లెక్కలు చెప్పాయి. నాకంటే కొత్తవాళ్లు ఒక్క చప్పుడులోనే, 1 మిల్లీసీవర్టుకు లోపే ముగించేస్తారు. వాళ్లను చూస్తే సంతోషమే.

ఇప్పుడు బయట బెంచీ మీద ఒక కుర్రాడు కాళ్లూపుతూ కూర్చున్నాడు. మాత్ర వేసి నలభై నిమిషాలైంది, గుండె ఇంకా డెబ్భై ఆరు. ఎవరో తొందరపెడుతున్నారు. "ఇంకో ఇరవై నిమిషాలు ఆగుదాం" అంటోంది డాక్టరమ్మ. నా ట్యూబు చల్లగా ఉంది.