శ్రీ ‘ఉత్పన్నం కాదు’ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ గారికి,



ఈ లేఖ ముఖ్యమంత్రికి రాయాలా, శాఖ మంత్రికి రాయాలా, స్పీకర్‌గారికి రాయాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. వాళ్లంతా వచ్చిపోయేవాళ్లు. మీరు మాత్రం కదలరు. ఏ పార్టీ గెలిచినా, ఏ శాఖ జవాబిచ్చినా, (అ), (ఆ) దాటి (ఇ) దగ్గరికి వచ్చేసరికి తమరు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటారు. మీరు ప్రమాణ స్వీకారం చేయగా ఎవరూ చూడలేదు, మీ రాజీనామా కోరినవాళ్లూ లేరు. అసలు అధికారం ఎవరిదో అప్పుడు తెలిసింది.

మీకు గుర్తుండకపోవచ్చు గానీ మనకు పాత పరిచయమే. మాది తిరుపతికి అవతల, స్వర్ణముఖిలో కలిసే ఒక వాగు పక్క పల్లె. 2021 నవంబరు వానలకు వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. అప్పటినుంచి పాల క్యాన్లవాళ్లూ బడిపిల్లలూ చుట్టు తిరిగి పోవాల్సిందే. ఊరంతా కలిసి మా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాం. ఆయన అప్పట్లో అధికార పక్షంలోనే ఉన్నాడు, కాకపోతే సభలో వెనక వరస. మంత్రి కాలేదు, ఇక కాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టి మనిషి కాస్త స్వేచ్ఛగా ఉంటాడు. “ఆఫీసులో అడిగితే ఫైలు కదల్లేదప్పా, సభలోనే అడుగుతా” అన్నాడు. అడిగాడు కూడా.

(అ) ఫలానా గ్రామం వద్ద కల్వర్టు కొట్టుకుపోయిన విషయం వాస్తవమేనా. (ఆ) అయినచో, దాని పునర్నిర్మాణానికి ప్రతిపాదన ఏదైనా ఉన్నదా. (ఇ) ఉన్నచో, ఎప్పటిలోగా పూర్తి చేయుదురు?

జవాబు: (అ) అవునండీ. (ఆ) ప్రస్తుతానికి లేదండీ. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఎంత మర్యాదో చూడండి. రెండు ‘అండీ’లు పెట్టి మరీ వాగులో ముంచారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కల్వర్టు పోయింది, నిజమే. ప్రతిపాదన లేదు, అదీ నిజమే. ప్రతిపాదనే లేనప్పుడు పూర్తయ్యే తేదీ ఎక్కడిది? మీరు తర్కశాస్త్రం చదివినవారు. ప్రతిపాదన ఎందుకు లేదన్నది మాత్రం మావాడు అడగలేదు. అడగనిదానికి మీరెందుకు చెప్తారు?

చట్టసభలో ప్రశ్న వేయడమంటే తేలికనుకునేవాళ్ల కోసం ఒక మాట. లోక్‌సభలో అయితే పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. మామూలుగా 150 మాటలు దాటకూడదు. నిబంధనల్లో 41వది ఇంకా ముచ్చటైనది. ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఊహ ఉండకూడదు, విశేషణాలు వాడకూడదు, వ్యంగ్యం అసలే కూడదు. రోజుకు ఇరవై ప్రశ్నలకే నక్షత్రం దక్కుతుంది, అదీ లాటరీలో. నక్షత్రం ఉంటేనే మంత్రి లేచి నోటితో చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. మిగతా రెండు వందల ముప్పై ప్రశ్నలకు కాగితం మీద జవాబొస్తుంది, కథ ముగుస్తుంది. అడిగేవాడికి ఇన్ని కళ్లేలు వేసి, జవాబులో ఊహ ఉండకూడదని గానీ, దాటవేత పనికిరాదని గానీ ఎవరూ ఇంత వివరంగా రాసిపెట్టలేదు. నేను సభ్యుణ్ని కాను గనక ఈ లేఖలో వ్యంగ్యం వాడే హక్కు నాకుంది. వాడుకుంటున్నాను.

మీ కుటుంబమూ పెద్దదే. ‘పరిశీలనలో ఉంది’ గారు, ‘సమాచారం సేకరిస్తున్నాం’ గారు మీకు అన్నదమ్ముల వరస. వాళ్లకంటే మీరు గట్టివారని ఆలస్యంగా గ్రహించాను. వాళ్లు ఎంతయినా మాట ఇచ్చినవాళ్ల కింద లెక్క. 1953 నుంచి లోక్‌సభకు హామీల కమిటీ ఒకటుంది. మంత్రి “పరిశీలిస్తున్నాం” అన్నా, “సమాచారం తెప్పించి చెప్తాం” అన్నా అది హామీయే అంటుంది ఆ కమిటీ. మూడు నెలల్లో తీర్చాలి, లేకపోతే గడువు పెంచమని వెళ్లి అడగాలి. ఏళ్ల తరబడి తీరని హామీలు అక్కడ గుట్టలుగా ఉంటాయన్నది వేరే సంగతి, కనీసం పద్దులో పేరైనా ఉంటుంది. మీరు ఏ పద్దుకూ ఎక్కరు. మాటే ఇవ్వనివాణ్ని మాట తప్పావని ఎవరంటారు?

మీ ప్రతాపం కల్వర్టులతో ఆగితే నేనీ లేఖ రాసేవాణ్ని కాదు. 2020 సెప్టెంబరులో, కోవిడ్ పేరు చెప్పి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. అంటే అనుబంధ ప్రశ్నలు లేవు, మీకు ఎదురే లేదు. సమావేశాలు మొదలైన 14వ తేదీనే లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళ్తూ చనిపోయిన వలస కార్మికులెందరని లోక్‌సభలో అడిగారు. అలాంటి లెక్కలు నిర్వహించడం లేదని కార్మిక శాఖ చెప్పింది. వాళ్ల కుటుంబాలకు పరిహారమిచ్చారా అన్నదానికి, పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ ఏప్రిల్‌లో మన ములుగు జిల్లా మిరప చేలలో కూలికొచ్చిన పన్నెండేళ్ల పిల్ల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు తనవాళ్లతో అడవిదారిన నడిచి నడిచి, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా పడిపోయింది. పత్రికలన్నీ రాశాయి. ఆ పిల్ల ఏ లెక్కలోకి వచ్చినట్టు? మొదట లెక్క రాయకపోవడం, తర్వాత లెక్క లేదు గనక చావు లేదనడం, ఆపైన చావు లేదు గనక పరిహారం ప్రశ్నే లేదనడం. మూడు మెట్లు. చివరి మెట్టు మీద తమరు.

మరుసటి ఏడు మా ఊరి దాకా వచ్చారు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై, ఒత్తిడి పడిపోయి, అధికారుల లెక్క ప్రకారమే పదకొండు మంది పోయారు. రెండు నెలలు దాటగానే, జూలై 20న రాజ్యసభకు కేంద్రం ఇచ్చిన జవాబు ఇది: ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదు. ఆ ‘ప్రత్యేకంగా’ అన్న మాటను ఏ గుమాస్తా వేశాడో గానీ, అతనికి ప్రమోషన్ రావాలి. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని కేంద్రం, కోవిడ్ మరణాలన్నీ ఒకే గడిలో రాయమన్నారని కింద ఆఫీసులు. ఆ రాత్రి వార్డులో అట్టముక్కలతో తమవాళ్లకు విసిరినవాళ్లు మాత్రం ఏ గడిలోనూ పట్టరు.

ఈ దేశంలో చట్టసభ ప్రశ్నకు పెద్ద వంశమే ఉంది, మీకు తెలియనిది కాదు. 1892 చట్టంతో ప్రశ్న వేసే హక్కు వచ్చింది, మరుసటి ఏడు ఫిబ్రవరి 16న భింగా రాజా తొలి ప్రశ్న వేశాడు. దేని గురించి? దొరలు క్యాంపులకు వెళ్లినప్పుడు వాళ్ల సరంజామాకు పల్లెల్లోని దుకాణదారులు పడుతున్న అవస్థ గురించి. పెద్ద సిద్ధాంతమేం కాదు, కిరాణాకొట్టువాడి కష్టం. జవాబు మీద చర్చ అప్పట్లో నిషిద్ధం, అనుబంధ ప్రశ్న లేనే లేదు. ఆ నిషేధమే లేకపోతే మీరు ఇంతగా ఎదిగేవారు కాదేమో.

మిమ్మల్ని ఒక్కసారి మట్టి కరిపించిన కథ కూడా ఉంది. 1957లో, పెట్టి ఏడాది తిరగని జీవిత బీమా సంస్థ, ముంద్రా అనే కలకత్తా వ్యాపారి కంపెనీల షేర్లను కోటీ పాతిక లక్షల దాకా పోసి కొన్నది. సభలో అడిగితే మొదట సూటిగా చెప్పలేదు. అధికార పక్షం వెనక బెంచీలో కూర్చున్న ఫిరోజ్ గాంధీ వదల్లేదు. ఎవరి అల్లుడో చెప్పక్కర్లేదు. డిసెంబరు 16న లేచి, కాగితాలు ముందు పెట్టుకుని, షేర్ల ధరలూ తేదీలూ చదివాడు. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మా తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. దీనిమీద వేసిన చాగ్లా కమిషన్ బొంబాయిలో బహిరంగంగా విచారణ జరిపింది, వినడానికి జనం ఎగబడ్డారు. ఆర్థిక శాఖ కార్యదర్శి చేసినదానికి మంత్రిదే బాధ్యత అని చాగ్లా తేల్చాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. మొదటి జవాబు చాలదని ఒక్క మనిషి అనుకున్నందుకు ఇదంతా.

ప్రశ్నలడిగే మావాళ్ల తప్పులూ దాచను. 2005లో ప్రశ్న వేయడానికి డబ్బు తీసుకుని పదకొండు మంది ఎంపీలు పదవులు పోగొట్టుకున్నారు. 2009 నవంబరు 30న ప్రశ్నలిచ్చిన సభ్యులే రాక లోక్‌సభలో ఆ గంట మధ్యలోనే ఆగిపోయింది. అడిగేవాడు నిద్రపోతే మీదా తప్పు?

ఇంకొకటి. సమాచార హక్కు చట్టంలో, పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని ఏ మనిషికీ నిరాకరించరాదని ఒక వాక్యం ఉండేది. వెనక బెంచీ ఎమ్మెల్యేనూ నన్నూ ఒకే వరసలో కూర్చోబెట్టిన వాక్యం అది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని ఎత్తేసింది. ఆ రోజు మీ ఇంట్లో పాయసం వండుకుని ఉంటారు.

నా విన్నపం చిన్నది. మిమ్మల్ని పదవి దిగమనను, దిగరు. (ఆ)లో ‘లేదండీ’ అన్నప్పుడల్లా ఎందుకు లేదో ఒక్క ముక్క రాయించండి. ఆ ఒక్క ముక్క రాస్తే చాలాసార్లు మీరు కూర్చోవడానికి (ఇ) మిగలదు.

ఇట్లు,
సందర్శకుల గ్యాలరీలో పాసు మీద కూర్చున్నవాడు

తా.క.: మా ఎమ్మెల్యే ఇప్పుడు ప్రతిపక్షంలోకి మారాడు, బెంచీ మాత్రం అదే. మళ్లీ ప్రశ్న తయారు చేస్తున్నాడు. ఈసారి ‘వాస్తవమేనా’ లేదు, ‘ఉన్నచో’ లేదు. మూడు ముక్కలే: కల్వర్టు ఎస్టిమేటు వేయాల్సిన అధికారి హోదా ఏమిటి, ఊరివాళ్ల అర్జీ ఆయనకు ఏ తేదీన చేరింది, ఆనాటి నుంచి ఆ ఫైలు మీద ఎవరెవరు ఏమేం రాశారు. నోటీసు ఈ వారమే పోస్టు చేస్తున్నాం.