మొదటి డ్యూటీ

టైరు లీవర్లు కొనేటప్పుడు పైసలు చూసుకోవద్దని మా తమ్ముడికి ఎప్పటినుంచో చెబుతున్నాను. ఉక్కువి విరగవు, నిజమే. కాని అల్యూమినియం రిమ్ము మీద గీతలు పెడతాయి, ట్యూబును నొక్కి చిల్లి చేస్తాయి, కార్బన్ రిమ్ము దగ్గరికైతే వాటిని రానివ్వనే కూడదు. ప్లాస్టిక్‌వి రిమ్మును కాపాడతాయి. అయితే కొస పల్చగా, ఒళ్లు దిట్టంగా ఉన్నవి ఏరుకోవాలి. కొస మందమైతే టైరు కిందికి దూరదు, ఒళ్లు పల్చనైతే పుటుక్కుమంటుంది. మొండి టైర్లకి లోపల ఉక్కు పట్టీ వేసి పైన నైలాన్ తొడిగినవి మేలు. వాడి సంచిలో ఉన్నది మాత్రం ఏదో పంపు కొంటే ఊరికే ఇచ్చిన పసుపుపచ్చ జత.

హైదరాబాద్‌లో కొత్తగా సైకిల్ ట్రాక్ వేసిన రోడ్డు మీద, ఒక ఆదివారం పొద్దున, వాడి వెనక చక్రంలో గాలి దిగిపోయింది. ట్యూబ్‌లెస్‌కి కూడా పనికొచ్చే 622 మిల్లీమీటర్ల రిమ్ము అది. ఆ రకం రిమ్ములకి లోపల రెండు పక్కలా చిన్న గట్టు ఉంటుంది. గాలి నిండగానే టైరు అంచు ఆ గట్టు దాటి బిగుసుకుపోతుంది. పైగా కొత్త టైరు. మొదటి లీవరు సగానికి విరిగింది, రెండోది వంగిపోయింది.

"చెప్పానా, మంచివి కొనుక్కోమని!"

"ఇప్పుడు తిడితే టైరు ఊడొస్తుందా అన్నయ్యా?"

అప్పుడే కొబ్బరిబోండాల బండిని ట్రాక్ పక్కనుంచి పంపించేసి వస్తున్న సెక్యూరిటీ గార్డు మా దగ్గర ఆగాడు. అరవై దాటిన మనిషి.

"జర ఆగుండ్రి సార్. గుంజితే రాదది" అంటూ చక్రం అందుకున్నాడు.

మిగిలిన గాలంతా వదిలేశాడు. వాల్ నట్టు విప్పాడు. రెండు బొటనవేళ్లతో టైరు అంచును గట్టు మీంచి లోపలికి తోసుకుంటూ చుట్టూ తిరిగాడు, ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క. టైరు అంచులోని తీగ సాగదు. 1890లో ఇంగ్లండులో చార్లెస్ వెల్చ్ తీగ అంచు టైరుకి పేటెంటు పుచ్చుకున్నప్పటి నుంచీ కిటుకంతా రిమ్ము నడిమి పల్లంలోనే ఉంది. అంచును ఆ పల్లంలోకి దించితే ఎదురు పక్క వదులొస్తుంది. వాల్ ఉన్నచోట అంచు పల్లంలోకి దిగదు కాబట్టి, అంచును పైకి లేపాల్సింది అక్కడే. లీవర్ల గురించి అంత మాట్లాడే నేను ఆ క్రమాన్ని ఇంత శుభ్రంగా చేసిన చేతుల్ని అంతకుముందు చూడలేదు.

విరిగిన లీవరు ముక్కనే తీసుకున్నాడు. వాడిగా ఉన్న కొసను ట్రాక్ అంచు రాయికి అటూ ఇటూ రాసి, వేలితో తడిమి, మళ్లీ రాశాడు. "ట్యూబుకు గీరుకుంటది" అన్నాడు. ఆ ముక్కను వాల్ పక్కన దూర్చి ఒక్కసారి వంచేసరికి టైరు అంచు బయటికొచ్చింది. తర్వాత టైరు లోపల వేళ్లు పెట్టి మెల్లగా చుట్టూ తడిమి, లారీ టైర్లలోంచి ఊడిపడే రకం సన్నటి ఇనుప తీగ ముక్కను గోటితో పీకి మా తమ్ముడి అరచేతిలో పెట్టాడు. కొత్త ట్యూబు వేసి, ఎక్కించాల్సిన చివరి భాగం వాల్ దగ్గరికి వచ్చేలా చూసుకుని, ఆ జానెడు కూడా లీవరు లేకుండా చేత్తోనే ఎక్కించాడు.

మా తమ్ముడు రెండు వందలు తీసి ఇవ్వబోతే గార్డు పుచ్చుకోలేదు. "డ్యూటీల ఉన్న సార్, తీసుకోవద్దు."

నాకు మనసాగలేదు. "ఇంత పని చేతిలో పెట్టుకుని మీకీ కాపలా ఎందుకండీ? ఈ ట్రాక్ మీద రోజూ ఎన్ని సైకిళ్లు తిరుగుతాయో! ఇక్కడే ఓ డబ్బా పెట్టుకోకూడదూ?"

"గా స్తంభం కాడ్నే ఉండె సార్, నా డబ్బా. ఇరవై రెండేండ్లు నడిపిన. ట్రాక్ ఏస్తున్నం, తియ్యాలె అన్నరు. సైకిలోళ్లకే గద సార్, నేను గూడ మంచిదే అనుకున్న. ట్రాక్ పక్కపొంటి బండ్లు, డబ్బాలు లేపుతందుకు మనిషి కావాలంటే నన్నే పెట్టుకున్నరు."

టోపీ సర్దుకున్నాడు.

"మొదటి డ్యూటీ నా డబ్బా లేపుడే సార్."