లంకెబిందెలకు పెద్ద మిషను: కొనబోయేవారికి సూచనలు

మీ దగ్గర ఇప్పటికే ఒక మెటల్ డిటెక్టర్ ఉందనుకుంటున్నాను. డిస్కౌంటు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించినది: చేతికర్ర చివర ప్లాస్టిక్ పళ్ళెం, పైన ముల్లు ఆడే చిన్న డబ్బా. ఇన్నాళ్ళకీ అది మీకు తవ్విపెట్టినవి మేకులు, బీరుసీసా మూతలు, మోటారు వైరు ముక్కలు, ఎవరిదో సైకిలు చైను. తప్పు నేలదని మాత్రం అనుకోకండి. మన కోనసీమ జిల్లా కె.గంగవరం మండలంలో లంకెబిందెలు లేని దిబ్బంటూ ఉండదు. టీ కొట్టు దగ్గర ఎవరినైనా అడగండి, ఏ దిబ్బ కింద ఎన్ని బిందెలో, వాటికి కాపలా ఏ పామో కూడా చెబుతారు. కాబట్టి తప్పంతా మిషనుదే. ఇంకా పెద్దది కొనాలి.

కొనాలంటే ముందు ఇంట్లో ఒప్పించాలి, అందుకు చరిత్ర బాగా పనికొస్తుంది. పక్కనే ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి రాళ్ళ మీద వందల శాసనాలు; ఇన్ని బంగారు మాడలిచ్చాం, అన్ని గద్యాణాలిచ్చాం అని రాజులూ రాణులూ దండనాయకులూ వరసపెట్టి చెక్కించుకున్నారు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు వరాహం బొమ్మతో పలచటి బంగారు నాణేలు వేయించాడు. ధవళేశ్వరంలో దొరికిన తూర్పు చాళుక్య, చోళ నాణేల మీద మద్రాసు మ్యూజియం వాళ్ళు ఒక పుస్తకమే వేశారు. ఆ తర్వాత ద్రాక్షారామంలో డచ్చివాళ్ళు కొట్టు తెరిచారు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు తెరిచారు, యానాంలో ఫ్రెంచివాళ్ళు 1954 దాకా కదల్లేదు. ఇంతమంది డబ్బు లెక్కపెట్టుకున్న చోట ఒక్క ముంతైనా మన గట్టు కింద జారి ఉండదా అని నిలదీయండి. ద్రాక్షారామం దానాల్లో చాలావాటిని అఖండ దీపాలకని రాసిచ్చారని, అంటే ఆ బంగారం నెయ్యిగానూ వత్తిగానూ మారి మసైపోయిందని మాత్రం నోరు జారకండి. ఇంట్లోవాళ్ళు శాసనాలు చదవరు, అదొక అదృష్టం.

ఇక మిషను సంగతి. అమ్మేవాడు మొదట చెప్పేది లోతు. వినగానే డబ్బు తీసేయండి, ఆలోచిస్తే లెక్కలు అడ్డొస్తాయి. పళ్ళెంలోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది, అది లోహంలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు బదులు పలికితే చుట్ట వింటుంది. వెళ్ళేటప్పుడు బలం దూరానికి ఘనంలో పడిపోతుంది, వచ్చేటప్పుడు మళ్ళీ అంతే; వెరసి ఆరో ఘాతం. నాణెం రెట్టింపు లోతుకు దిగితే వినపడేది 64వ వంతు. అందుకే ముప్పైవేల మిషను జానెడు లోతులో పట్టిన బిళ్ళను, లక్ష దాటిన మిషను ఇంకో రెండు మూడు అంగుళాల కింద పడుతుంది. అంగుళానికి ఎంత పడిందో భాగించుకోకండి, మనసు పాడవుతుంది.

బిందెలాంటి పెద్ద వస్తువైతే ఇంకా కిందున్నా తెలుస్తుంది, నిజమే. కానీ గోదావరి ఊరుకోలేదు కదా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా ఏటా వరద వచ్చి ఈ పొలాల మీద ఒండ్రు పరిచిపోయేది. 1986లో ఆనకట్టనీ గట్లనీ లెక్కచేయకుండా వచ్చి ఇంకో పొర వేసింది. చాళుక్యుల కాలంలో పాతిన బిందె ఇప్పుడు ఎన్ని నిలువుల కింద ఉందో మిషను పెట్టె మీద రాయరు.

తర్వాత చూడాల్సింది తెర. కొత్తవాటిలో ముల్లు ఉండదు, అంకె వస్తుంది. ఆ అంకెను బట్టి ఇనుమో రాగో వెండో చెప్పొచ్చట. ఇది ఎలా పనిచేస్తుందో కొబ్బరితోటలోకి పోయి చూద్దాం. బోదె పక్కన పన్నెండు అని మోగుతుంది. కుడికి ఊపినా పన్నెండే, ఎడమకు ఊపినా పన్నెండే, నిలకడగా, తియ్యగా. మోకాళ్ళ మీద కూర్చుంటారు. నల్లమట్టి చేతిపారకు అతుక్కుని వదలదు, వేలితో గీకి తీయాలి. తీసిన ముద్దను పళ్ళెం ముందు ఆడిస్తే మోత ముద్దలోనే ఉంది. చిదిపితే లోపల పచ్చగా తళుక్కుమంటుంది. గుండె ఒక దెబ్బ మరిచిపోతుంది. బోదె నీళ్ళలో కడిగితే బీపీ మాత్రల అట్ట. రెండు గళ్ళలో మాత్రలు ఇంకా ఉన్నాయి, అప్పటికి మీకు అవసరమే.

చిన్న ఉంగరమూ అల్యూమినియం రేకూ దాదాపు ఒకే అంకెల్లో పడతాయి. అట్టల అంకెలు మోగకుండా నొక్కేసే మీట ఒకటుంది. నొక్కితే అట్టలతో పాటు ఉంగరాలూ నోరు మూసుకుంటాయి. మీరు అదనంగా ఇచ్చే వేలల్లో ఎక్కువ భాగం ఈ మీటకే.

కంపెనీల గురించి ఎక్కువ చెప్పను. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ కొన్నవాడు ఎక్స్‌పీ డ్యూస్ వైపు చూస్తాడు, గారెట్ కొన్నవాడు మైన్‌ల్యాబ్ వైపు చూస్తాడు, అందరూ కలిసి నోక్టా చవక అంటారు. చౌడు నేల, ఉప్పుతడి ఉన్న కోనసీమలో ఒకే ఫ్రీక్వెన్సీ మిషను ఉప్పునే నిధి అనుకుని కూస్తుంది, కనుక ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసేది మేలు. ఈ ఒక్క మాటా వెటకారం కాదు. నీళ్ళలో దింపొచ్చన్న మిషను కొన్నా సరే, రొయ్యల చెరువులో దింపేముందు చెరువుగలాయన్ని అడగండి. ఆయన అసలే రేటు పడిపోయిన బాధలో ఉంటాడు.

మిషను వచ్చాక ముందు ఇంట్లోనే ఆన్ చేయాలని చేయి దురద పెడుతుంది. ఇంటావిడ పక్కన నిలబడితే మెట్టెలకు మోగుతుంది. 1881లో గార్‌ఫీల్డ్ అనే అమెరికా అధ్యక్షుడి ఒంట్లో తూటా వెతకడానికి గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే పట్టుకెళితే, పరుపు కింద ఇనప స్ప్రింగులు అడ్డం తగిలి పని చెడింది. మీ ఇంట్లో ఈశాన్యం మూల మరీ గట్టిగా మోగితే గునపం తేకండి. శంకుస్థాపన నాడు పంతులుగారు నవధాన్యాలతో పాటు పంచలోహాలూ చిల్లరా వేయించింది అక్కడే. ఊళ్ళో ప్రతి ఇంటి కిందా ఇలాంటి నిధి ఒకటి ఉంటుంది. దాని విలువ ఎంతో ఇంటాయనకు తెలుసు, దాన్ని తవ్వితే ఏమవుతుందో మీకు తెలుస్తుంది.

పొలంలోకి దిగాక ఇంకో చిక్కు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కర్ర, నేల మీదే చూపు: ఈ వాలకం చూసి నిధి వేటగాడని ఎవరూ అనుకోరు. కోటిపల్లి నుంచి నర్సాపురానికి రైలు వేస్తామని ఎన్నేళ్ళుగానో వింటున్న ఊళ్ళివి. ఒకాయన గట్టు మీద సైకిలు ఆపుతాడు.

"ఏవండోయ్, సర్వేవోళ్ళాండీ? లైను మా చేలోంచి పోద్దా ఏటండీ?"

కాదంటే నమ్మరు. ఎకరానికి ఎంతిస్తారో చెప్పేదాకా కదలరు. ఇక్కడ లోహాన్ని ఎలా వెతకాలో ఇక్కడి పాత రైలుబాటను చూసి నేర్చుకోవాలి నిజానికి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం వేళ, 1940లో తెల్లదొరలు ఊడబెరుక్కుపోయారు. దాదాపు 45 కిలోమీటర్ల ఇనుము. డిటెక్టరు అక్కర్లేదు, ఒక్క మోతా లేదు. మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా పట్టింది.

డబ్బు మరీ ఎక్కువగా ఉన్నవారికి 'లాంగ్ రేంజ్ లొకేటర్' అని ఇంకో రకం ఉంది. రెండు యాంటెనాలు, ఒక పిడి. కిలోమీటరు దూరం నుంచే బంగారం వైపు తిరుగుతాయట. ఇది కొంటే ఒక సుఖం, తవ్వే శ్రమ ఉండదు, ఎందుకంటే అది చూపించిన చోటు ఎప్పటికీ రాదు. ఇంగ్లండులో జేమ్స్ మెక్‌కార్మిక్ అనే ఆయన, గోల్ఫు బంతులు వెతకడానికని అమ్మే ఇరవై డాలర్ల బొమ్మ లాంటిదాన్నే బాంబులు పట్టే యంత్రమని ఇరాక్ ప్రభుత్వానికే అమ్మాడు, 2013లో పదేళ్ళ శిక్ష పడింది. మనకు అంత దూరం ఎందుకు? తమలపాకు మీద కాటుక రాసి అంజనం వేసేవాళ్ళున్నారు, బియ్యాన్ని లాగే చెంబుందని రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు లాగేవాళ్ళున్నారు. ఆ చెంబు లాగేది బియ్యాన్ని కాదని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళేదాకా తెలియదు. బ్యాటరీ ఖర్చు లేదు కాబట్టి చాలామంది ఇంకా వాటినే నమ్ముకున్నారు.

గుళ్ళ వైపు మాత్రం వెళ్ళకండి. పాత గుళ్ళలో నంది కడుపులో వజ్రాలుంటాయని ఎవరో చెబితే నందుల్ని పగలగొట్టిన ప్రబుద్ధులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. దొరికింది నంది ముక్కలే. ద్రాక్షారామం గుడి కేంద్ర పురావస్తు శాఖది, చుట్టూ వంద మీటర్లలో తవ్వకం నిషేధం. కావాలంటే ప్రభుత్వాన్నే తవ్వమనండి, దానికి సరదా లేకపోలేదు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక స్వామీజీకి వెయ్యి టన్నుల బంగారం కలలోకి వస్తే పురావస్తు శాఖ గునపాలు పట్టుకుని దిగింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల కళ్ళముందే గుప్తనిధుల తవ్వకం మొదలై నెలల తరబడి సాగింది. ఉన్నావ్‌లో కల మిగిలింది, చెన్నంపల్లిలో ఎముకలూ ఇటుకలూ తేలాయి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒకవేళ నిజంగానే బిందె దొరికితే? ఇదే అసలైన ప్రమాదం, దీనికే ఎవరూ సిద్ధంగా ఉండరు. 1878 నాటి నిధి చట్టం ఇంకా బతికే ఉంది. నేలలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి: ఏం దొరికింది, ఎంత విలువ, ఎక్కడ, ఏ రోజు. పది రూపాయలంటే విక్టోరియా రాణి నాటి పది. ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు. పదకొండు రూపాయల నిధి దొరికినా మీరు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగి, అమలాపురంలో కలెక్టరు ఆఫీసుకు వెళ్ళాలి. వరదకు పంటు ఆపేస్తే యానాం చుట్టూ తిరిగి ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్ళండి. బిందె ఒళ్ళో పెట్టుకుని వెళితే దారిలో ఎంతమంది చుట్టాలు పుట్టుకొస్తారో చెప్పలేను.

కలెక్టరు ప్రకటన వేస్తారు. నాకు హక్కుందనేవాళ్ళు రావడానికి నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు దాటకుండా ఒక రోజు పెడతారు. ఆ రోజు వచ్చే తాతల వారసుల్ని కూర్చోబెట్టడానికి ఆఫీసులో కుర్చీలు చాలవు. అందరూ తేలిపోయి అది ఎవరిదీ కాదని తేలితే, నేలగలాయనతో మీకు ఒప్పందం లేనప్పుడు మూడొంతులు తీసినవారికి, నాలుగో వంతు నేల యజమానికి. మీది కౌలు పొలమైతే, అమెరికా నుంచి ఏడాదికోసారి కౌలు డబ్బుల కోసం ఫోను చేసే ఆసామి ఆ నెలలో రోజూ చేస్తాడు. లేదూ, సర్కారే ఉంచుకుంటానంటే లోహం విలువ కట్టి దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. రాజరాజు వరాహమైనా సరే తులం లెక్కే. చెప్పకుండా దాచుకుంటే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ఇంకో పక్క నుంచి పట్టుకుంటుంది.

ఇదంతా మనకెందుకు అనిపిస్తే నదిలోకి దిగండి. గోదావరి రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి విసిరే కుర్రాళ్ళను చూసే ఉంటారు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు ఉక్కువి కాబట్టి అంటుకుని వస్తాయి. వాళ్ళకు తెర మీద అంకె లేదు, వారంటీ లేదు, మీకన్నా సంపాదన ఉంది. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ తీరంలో బంగారు రేణువులు దొరుకుతున్నాయని ఊరంతా ఇసుక మీద కూర్చున్నప్పుడు కూడా చేతులే మిషన్లు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, అయస్కాంతానికి ఇప్పుడే ఆర్డరు పెట్టుకోవచ్చు.

పాత మిషను అమ్మేస్తానంటారా? 2009లో ఇంగ్లండులో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన ఒక పొలంలో స్టాఫర్డ్‌షైర్ నిధి పట్టింది పాత సామాన్ల సంతలో రెండున్నర పౌండ్లకు కొన్న డిటెక్టరుతో. నిధికి కట్టిన విలువ 32.85 లక్షల పౌండ్లు. ఈ సంగతి షాపువాడి దగ్గర ఎత్తకండి, బాధపడతాడు. అదే దేశంలో 1992లో హాక్స్‌న్ అనే పల్లెలో ఒక రైతు సుత్తి పొలంలో పోతే, స్నేహితుడు డిటెక్టరు పట్టుకుని వెతకడానికి వెళ్ళి, రోమన్ల నాటి సుమారు 15 వేల నాణేల మీద పడ్డాడు. ఎక్కువ తవ్వకుండా అధికారులకు కబురు పెట్టాడు. సుత్తీ దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మీకూ అలాంటి పిలుపు తప్పకుండా వస్తుంది. లక్ష పెట్టి మిషను తెచ్చారని తెలిసిన మర్నాడే పక్క చేను ఆయన కబురంపుతాడు: దమ్ములో ట్రాక్టరు రోటావేటరు బ్లేడు ఊడి బురదలో పడింది, టైరు కోసుకుపోకముందే కాస్త చూసిపెట్టమని. బ్లేడు మోత మీకు వచ్చిన మోతే, మిషను దాన్ని మొదటిసారే పడుతుంది. కాఫీ ఇస్తారు, కాయలు దింపించే రోజైతే రెండు బొండాలు కూడా.