ఒక్క కొట్టు తక్కువ

తణుకులో ఆయనది సబ్బుల ఏజెన్సీ. తండ్రి పెట్టింది. సోమవారం వేల్పూరు లైను, మంగళవారం దువ్వ, బుధవారం రేలంగి. ఆటోలో సరుకు, ముందు బైకు మీద సేల్స్‌మన్, వాడి జేబులో బకాయిల పుస్తకం. నూటికి నాలుగు రూపాయల మార్జిను. గోడౌను అద్దె, ఆటో డీజిలు, ఎలుకలు కొరికిన సరుకు, ఎగ్గొట్టిన అరువు, అన్నీ ఆ నాలుగులోనే.

కరోనా సద్దుమణిగిన ఏడాది హైదరాబాదు నుంచి కంపెనీ కుర్రాడు వచ్చాడు.

"మీ సేల్స్‌మన్ ఒక్కో కొట్టు దగ్గర 20 నిమిషాలుంటున్నాడు సర్. 7 చాలు."

"బాకీ అడగాలంటే ముందు కూర్చోవాలి, మంచీచెడ్డా అడగాలి కదండి."

"మంచీచెడ్డలకి కాలమ్ లేదు సర్."

పుస్తకం పోయి యాప్ వచ్చింది. కొట్టు పేరు, యజమాని ఫోను నంబరు, కొట్టు ముందు నిలబెట్టి తీసిన ఫోటో, మ్యాపులో చుక్క, ఏ నెలలో ఏ సబ్బు ఎన్ని డజన్లు. తండ్రి కాలం నుంచి బుర్రలో ఉన్నదంతా ఆయనే రాత్రిళ్లు కూర్చుని ఎక్కించాడు. ఎవరు మాటమీద నిలబడతారు, ఎవరు సంక్రాంతి కోడిపందేలయ్యాక నెల్లాళ్లు మొహం చాటేస్తారు, దానికీ ఒక గడి ఉంది మరి.

టార్గెట్ 300 కొట్లు. 299 దగ్గర ఆగింది. కుర్రాడు రోజూ ఫోను. "ఒక్కటే సర్. జోన్ మొత్తంలో మీ ఒక్కరి గీతే ఎర్రగా ఉంది."

ఇంటి అరుగు మీద ఆయన భార్య బడిపిల్లలకి పెన్సిళ్లు, బిస్కెట్లు అమ్ముతుంది. పక్కన నాలుగు సబ్బులు కూడా పెట్టించాడు. ఆవిడను అరుగు మీద నిలబెట్టి ఫోటో తీశాడు. నంబరు ఎక్కించాడు. చుక్క పడింది. 'అరువు ఎన్నాళ్లకు తీరుస్తారు' అన్న గడి దగ్గర మాత్రం కాసేపు ఆలోచించాడు. గీత పచ్చబడింది.

ఏడాది తిరిగేసరికి విజయవాడ హోటల్లో శాలువా కప్పారు. జోన్‌లో మొదటి స్థానం. షీల్డు తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాడు.

ఆ తర్వాతి నెల వేల్పూరు లైనులో ఆర్డర్లు సగానికి పడిపోయాయి. రేలంగిలో అదీ లేదు. సేల్స్‌మన్‌ను నిలదీస్తే, "ఏడు నిమిషాల్లోపే బయటపడిపోతున్నానండి" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే భార్య ఫోను పట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమండీ, మీ కంపెనీ నుంచే మెసేజొచ్చింది. ఇకనించి మధ్యలో ఎవరూ లేకుండా సరుకు నేరుగా మన అరుగు మీదికే పంపుతారట. మీరేసే రేటుకన్నా డజనుకి 11 రూపాయలు తక్కువండి. తెప్పించమంటారా?"